ఏకశిలనుండి అనేకశాలలకు

ఈ దినములలో పుస్తకముగాని, వస్త్రముగాని, కుట్టుయంత్రపు సూదిగాని కావలసినయెడల, చేతిఫోనును నాలుగుమారులు వ్రేలితో తాకి తెప్పించుకొనుట మన యిండ్లలో సామాన్యమైపోయినది. రెండు మూడు దినములలో సంచి పట్టుకొని ఒక మనుష్యుడు వాకిట నిలుచును. ఆ సరకు వచ్చిన త్రోవ కొంతవఱకు మనకు తెలియును. గిడ్డంగి, లారీ, మోటారుసైకిలు మనము చూచినవే. గాని ఆ వ్రేలితాకిడిని ఆర్డరుగా మార్చి, సొమ్ము పుచ్చుకొని, గిడ్డంగికి ఆజ్ఞ పంపిన యంత్రాంగము కంటికగపడదు. దానినిగూర్చి విచారించువారు అరుదు.

మనవంటి పాఠశాలలలో చదివి, హైదరాబాదులోను, బెంగుళూరులోను, సముద్రములకావలను ఆ యంత్రాంగపు పనియే చేయుచున్నవారు అనేకులు కలరు. వారి తలిదండ్రులు "మావాడు కంప్యూటరు పనిలో నున్నాడు" అని మాత్రము చెప్పగలరు. ఆ పనిలో మిక్కిలి పెద్దదియు, మిక్కిలి జాగ్రత్త కోరునదియు నగు ఒక కార్యమును ఈ వ్యాసమున వివరింపబూనితిమి. అదేమనగా, ఒకే ముద్దగా కట్టబడిన అంగడి ప్రోగ్రామును, అంగడి ఒక్క గడియయైనను మూయకుండ, చిన్న చిన్న స్వతంత్ర భాగములుగా విడదీయుట. ఇది కేవలము యంత్రవిద్య కాదనియు, బాధ్యతను పంచుకొని దానిని నమ్మకముగా నెరవేర్చు విద్య యనియు చూపుటయే మా యుద్దేశము.

1. ఏకశిల యనగా నేమి?

ఇట్టి ప్రోగ్రామును మోనోలిత్ అందురు. ఈ మాటకు మూలము గ్రీకుభాష. మోనోస్ అనగా ఒక్కటి, లిథోస్ అనగా రాయి. మన ఓరుగంటికి ఏకశిలానగరమని పేరుండుటచేత తెలుగు పిల్లలకు ఈ మాట యర్థము వేఱుగ చెప్పనక్కరలేదు. సరకుల జాబితా చూపుట, ధర చెప్పుట, కొనువాని బుట్టలో వస్తువులుంచుట, సొమ్ము పుచ్చుకొనుట, నిలువ లెక్క చూచుట, సరకు పంపుట అను పనులన్నియు ఒకే ప్రోగ్రాములో చేర్చి, ఒకే డేటాబేసుతో నడిపించినయెడల అది ఏకశిల.

ఇది చెడ్డ పద్ధతియని తలంపరాదు. వీధిచివర కిరాణాకొట్టును చూడుడు. యజమానుడే తూచును, తానే సొమ్ము గల్లాపెట్టెలో వేయును, తానే పద్దు వ్రాయును. బియ్యమెంత మిగిలెనో, ఎవరెంత బాకీయో అడిగిన క్షణమున చెప్పగలడు. అతని కుడిచేయి ఎడమచేతికి ఉత్తరము వ్రాయనక్కరలేదు. ఏకశిలలోను అట్లే. ఒక భాగము వేఱొక భాగమును పిలిచినయెడల జవాబు రెప్పపాటుకంటె ముందుగా వచ్చును, దారిలో తప్పిపోదు.

దీనికి మఱియొక గొప్ప గుణము కలదు. ఆర్డరు వ్రాయుట, సొమ్ము పద్దు వ్రాయుట, నిలువ తగ్గించుట అను మూడు పనులను డేటాబేసు ఒకే ముడిగా కట్టగలదు. మూడును జరుగును, లేదా మూడును జరుగవు. నడుమ విద్యుచ్ఛక్తి పోయినను సగము పని మిగిలియుండదు. విద్యార్థులారా, ఈ గుణమును జ్ఞాపకముంచుకొనుడు. విభజించినప్పుడు మొట్టమొదట చేజారిపోవునది ఇదియే.

2. ఓబిడోస్ కథ

అమెజాను అను అంగడి 1995 జూలైలో అమెరికాదేశపు సియాటిల్ పట్టణమున పుస్తకములు అమ్ముటకు తెఱవబడెను. దాని ప్రధాన ప్రోగ్రామునకు ఓబిడోస్ అని పేరు. బ్రెజిలుదేశమున అమెజాను మహానది మిక్కిలి ఇరుకైన చోట నున్న యూరి పేరది. ఆ పేరు తగినదే యయ్యెను. ఏలయనగా నదిలోని నీరంతయు ఆ యిరుకులోనుండియే పోవలసినట్లు, అంగడి పనులన్నియు ఆ యొక్క ప్రోగ్రాములోనుండియే పోవలసివచ్చెను.

1998 లో పుస్తకములతోపాటు సంగీతపు డిస్కులును, చలనచిత్రములును అమ్మసాగిరి. 2000 లో ఇతర వర్తకులకును తమ అంగడిలో చోటిచ్చిరి. క్రొత్త సరకు వచ్చిన ప్రతిమారును ఓబిడోసు లావెక్కెను. పుస్తకపు పుటను చూపు భాగమును దిద్దినవాడు సంగీతపు విభాగము వారితోడను, పంపకపు విభాగము వారితోడను మాటాడి, అందఱి మార్పులతో కలిపి తన మార్పును విడుదల చేయవలసివచ్చెను. అందఱును ఒకే డేటాబేసులో చేయి పెట్టుచుండుటచేత, దానిలో ఒక పట్టిక ఆకారమును మార్చినయెడల ఎచ్చట ఏది చెడునో యెవరికిని తెలియదు.

ఈ చిక్కును ఆ సంస్థ ఇంజనీర్లు 1998 లోనే గుర్తించి యొక పత్రము వ్రాసికొనిరి. ప్రోగ్రాములు డేటాబేసును సూటిగా తాకుట మానవలెననియు, నడుమ సేవాభాగములనుంచి వాటిద్వారా మాత్రమే అడుగవలెననియు ఆ పత్రపు సారము. చాలకాలము లోపలనే యుండిన ఆ పత్రమును సంస్థ ముఖ్య సాంకేతికాధికారి వెర్నర్ వోగెల్స్ 2022 లో ప్రకటించెను. 2001 నాటికి ఓబిడోసు ఇక పెరుగజాలదని తేలిపోయెను. అప్పటినుండి ఆ శిలను ముక్కలు చేయు పని మొదలై కొన్ని సంవత్సరములు నడచెను. 2006 లో జిమ్ గ్రే అను ప్రసిద్ధ కంప్యూటరు శాస్త్రజ్ఞునితో సంభాషించుచు వోగెల్స్ చెప్పినదాని ప్రకారము, అమెజాను మొదటి పుటను చూపుటకు 100 కంటె ఎక్కువ సేవలను అడిగి సమాచారము కూర్చవలసియుండెను.

ఇట్టి చిక్కు ఒక్క అమెజానుకే కాదు. ఆ 1995 లోనే పుట్టిన ఈబే అను వేలముపాటల అంగడిలో ప్రధాన ప్రోగ్రాము 30 లక్షల వరుసలకు మించెను. ఒక్కొక్క తరగతిలో ఎన్ని క్రియలుండవచ్చునో ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చు కంపైలరుకు ఒక హద్దుండును. ఈబే వారు ఆ హద్దును తాకిరి. అనగా, పుస్తకము వ్రాయువాడు కుట్టుపనివాని దారమునకు మించిన లావు పుస్తకము వ్రాసినట్లయ్యెను. తరువాత వారును తమ ప్రోగ్రామును భాగములుగా విడదీసి తిరుగ వ్రాసికొనిరి.

ఇట్టి చిన్న స్వతంత్ర భాగములకే మైక్రోసర్వీసులని పేరు. అమెజాను ఆ పని చేసిననాటికి ఈ పేరు వ్యాప్తిలో లేదు. 2014 లో జేమ్స్ లూయిస్, మార్టిన్ ఫౌలర్ అనువారు వ్రాసిన వ్యాసముతో అది లోకమంతట వాడుకలోనికి వచ్చెను.

3. యిత్రో చెప్పిన సలహా

నిర్గమకాండము 18వ అధ్యాయములో మోషే ఉదయము మొదలు సాయంకాలమువఱకు తానొక్కడే కూర్చుండి జనులందఱి వ్యాజ్యెములను తీర్చుచుండుట చూచి, మామయైన యిత్రో అతనిని వారించెను. అట్లు చేసినయెడల అతడును నలిగిపోవును, నిలుచున్న జనులును నలిగిపోదురు. యిత్రో చెప్పిన ఉపాయము అందఱికిని తెలిసినదే. వేయిమందికి, నూరుమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను ఏర్పఱచి, చిన్న సంగతులను వారే తీర్చునట్లును, కఠినమైనవి మాత్రమే మోషేయొద్దకు వచ్చునట్లును చేయుమనెను. ఆ యుపాయములో మనము గమనింపవలసినది పనివారి సంఖ్య పెరుగుట కాదు. ఎవరి హద్దు ఎంతవఱకో ముందుగా తెలియుటయే దాని బలము.

దీనిని లెక్కకట్టి చూపవచ్చును. 100 మంది ఒకే ప్రోగ్రాముమీద పనిచేయుచు, ప్రతివాడును మిగిలిన ప్రతివానితో మాటాడవలసివచ్చినయెడల, 100 ను 99 తో గుణించి 2 చేత భాగింపగా 4,950 జతలగును. ఆ 100 మందినే పదేసిమందిగల 10 జట్లు చేయుడు. ఒక్కొక్క జట్టులోపల 45 జతలు. పది జట్లకు 450. జట్టునకు జట్టునకు నడుమ మాటాడునది ఒక్కొక్కరే యైనయెడల మఱి 45. మొత్తము 495. పనివాడొక్కడును తగ్గకయే మాటల భారము పదవవంతైనది. అమెజాను వారు తమ జట్లను చిన్నవిగా నుంచుటకు, రెండు పిజ్జా రొట్టెలు సరిపోవునంతమందియే ఒక జట్టులో నుండవలెనని కొలత పెట్టుకొనిరి.

మెల్విన్ కాన్వే అను ఇంజనీరు 1968 లో ఒక సూత్రము ప్రకటించెను. దాని భావమేమనగా, ఒక సంస్థ నిర్మించు యంత్రాంగపు ఆకారము ఆ సంస్థలోని మనుష్యులు ఒకరితోనొకరు మాటాడుకొను ఆకారమునే పోలియుండును. కావున మనుష్యుల హద్దులు మార్చక ప్రోగ్రామును మాత్రము ముక్కలు చేసినయెడల, ముక్కలన్నియు మరల ఒకదానికొకటి చిక్కుపడును.

వోగెల్స్ చెప్పిన మఱియొక నియమము తలిదండ్రులు తప్పక తెలిసికొనదగినది. ఒక సేవను కట్టిన జట్టే దానిని నడిపించవలెను. కట్టినవాడు కట్టి వెళ్లిపోయి, చెడినప్పుడు వేఱొకడు బాగుచేయు ఆచారము అచ్చట లేదు. మీ కుమారుడో కుమార్తెయో సంక్రాంతికి ఇంటికి వచ్చియు, అర్ధరాత్రి ఫోను మ్రోగగానే లేచి కంప్యూటరు తెఱచినయెడల కారణమిదియే. వారి వంతు దినములలో వారి సేవ చెడినది. దానికి జవాబు చెప్పవలసినవారు వారే. ఈ నియమము నిద్ర చెఱచునది నిజమే. అయినను తన తప్పు తనయొద్దకే తిరిగి వచ్చునని తెలిసినవాడు మొదటనే జాగ్రత్తగా కట్టును.

4. తాటిచెట్టుపైని రావిమొలక

పాతదానిని ఒక్కసారిగా పడగొట్టి క్రొత్తది కట్టుట అందఱికిని తోచు మొదటి యుపాయము. గాని అంగడి మూయరాదు గనుక అది ప్రమాదము. మార్టిన్ ఫౌలర్ 2004 లో వేఱొక త్రోవ చూపెను. ఆస్ట్రేలియాదేశపు క్వీన్సులాండు అడవులలో చూచిన మర్రిజాతి వృక్షమునుండి ఆ యుపమానమును తీసికొనెను. మనము అంత దూరము పోనక్కరలేదు. మన పొలముగట్లమీద తాటిమట్టల సందున పక్షి వేసిన రావివిత్తు మొలకెత్తుట చూడుడు. మొలక తాటిని ఆనుకొనియే పెరుగును. వేళ్లు మెల్లగా నేలకు దిగును. కొన్ని యేండ్లకు రావి తన కాలిమీద తాను నిలుచును. ఈ మధ్యకాలమున తాడి ఒక్క దినమైనను పడిపోదు.

ప్రోగ్రాములో ఈ పనిని ఇట్లు చేయుదురు.

మొదట, అంగడి వాకిట ద్వారపాలకునివంటి చిన్న ప్రోగ్రామునుంచుదురు. కొనువారి ప్రశ్నలన్నియు దానియొద్దకే వచ్చును. మొదటి దినమున అది అన్నిటిని పాత ఏకశిలకే పంపును. బయటివారికి ఏ మార్పును కనబడదు.

రెండవది, విడదీయుటకు ఒకే భాగమును ఎన్నుకొందురు. సొమ్ము పుచ్చుకొను భాగముతో ఎన్నడును మొదలుపెట్టరాదు. కొన్నవారు వ్రాయు అభిప్రాయములను చూపు భాగము వంటిది, చెడినను అమ్మకమాగనిది, తగినది.

మూడవది, క్రొత్త సేవను కట్టి, కొన్నాళ్లు దానిని నీడవలె నడుపుదురు. ఒకే ప్రశ్నను పాతదానికిని క్రొత్తదానికిని పంపి, కొనువానికి పాతదాని జవాబే ఇచ్చి, రెండు జవాబులను లోపల సరిచూతురు. తేడాలన్నియు తెలియువఱకు ముందుకు పోరు.

నాలుగవది, నూరు ప్రశ్నలలో ఒక్కదానిని క్రొత్త సేవకు విడుతురు. నెమ్మదిగా నున్నయెడల 5, పిమ్మట 25, కడపట 100. ఎక్కడ తేడా కనబడినను ద్వారపాలకుని చేత వెంటనే పాత త్రోవకు మరలింతురు.

అయిదవది, పాత ఏకశిలలోని ఆ భాగమును తుడిచివేయుదురు. ఈ కడపటి మెట్టును ఎక్కనివారు అనేకులు. రెండు త్రోవలును మిగిలినయెడల, ఒక్క తప్పును రెండుచోట్ల దిద్దవలసిన దుర్గతి కలుగును. పని తగ్గుటకు మాఱుగా రెట్టింపగును.

5. పద్దుపుస్తకము చేతులు మారుట

ప్రోగ్రామును విడదీయుటకంటె సమాచారమును విడదీయుట కష్టము. మైక్రోసర్వీసులకు ప్రాణమైన నియమమొకటి కలదు. ప్రతి సేవయు తన పద్దుపుస్తకమును తానే యుంచుకొనవలెను. ఇతరులు దానిలో చేయి పెట్టరాదు. కిటికీయొద్ద నిలిచి అడుగవలెను. ఈ నియమము తప్పి, సేవలను వేఱుచేసి డేటాబేసును మాత్రము ఉమ్మడిగా నుంచినయెడల, అన్నదమ్ములు వేఱు కాపురములు పెట్టి వంటయిల్లు ఒక్కటిగా నుంచుకొన్నట్లగును. ఉమ్మడి చిక్కులును వదలవు, వేఱుపడిన సుఖమును కలుగదు.

నిలువ లెక్కల పుస్తకమును పాత గుమాస్తానుండి క్రొత్త గుమాస్తాకు అప్పగించు విధమును తలంచుకొనుడు. అంగడి జరుగుచునేయుండును గనుక పాత పుటలు నకలు వ్రాయుచుండగనే క్రొత్త పద్దులు పడుచుండును. కావున మొదట క్రొత్తగా పడు ప్రతి పద్దును రెండు పుస్తకములలోను వ్రాయునట్లు ఏర్పాటుచేయుదురు. పిమ్మట పాత పుటలను వెనుకనుండి నకలు చేయుదురు. తరువాత రెండు పుస్తకముల మొత్తములను దినదినము సరిచూతురు. చాల దినములు ఒక్క అంకెయు తేడా లేకున్నయెడల, ఇకమీదట క్రొత్త పుస్తకమే ప్రమాణమని ప్రకటింతురు. పాతదానిని కొంతకాలము చదువుటకు మాత్రముంచి, పిదప మూసివేయుదురు.

ఇందు తొందరపడినవారికి కలుగు నష్టమెట్టిదనగా, గిడ్డంగిలో ఒకటే మిగిలియున్న కుట్టుయంత్రమును ఇద్దఱికి అమ్ముదురు. అంకెలకది ఒక్కటి తేడా. గాని ఆ యంత్రముతో పనిపట్టి నెల మొదలుపెట్టవలెనని కాచియున్న స్త్రీకి అది ఒక నెల జీతము.

6. విడదీసినవారు చెల్లించు మూల్యము

ఏకశిలలో ఒక గదినుండి మఱియొక గదికి పోవుట సులభము. విడదీసిన పిమ్మట గదులన్నియు వేర్వేఱు ఊళ్లగును. నడుమ త్రోవ యుండును. త్రోవ తెగును, ఆలస్యమగును, ఉత్తరము పోవును. కంప్యూటర్ల నడుమ దారి ఎన్నడును తెగదనియు, ఆలస్యమే యుండదనియు నమ్ముట క్రొత్తవారు చేయు తప్పులని, సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో పనిచేసిన పీటర్ డాయిచ్ 1990 లలోనే ఒక జాబితా కట్టి హెచ్చరించెను.

ఇచ్చట మరల గణితము పనికివచ్చును. ఒక సేవ 1,000 మారులు అడుగగా 999 మారులు సరిగా జవాబిచ్చునని యనుకొనుడు. మిక్కిలి మంచి సేవయే. అట్టివి 100 సేవలు అన్నియు జవాబిచ్చిననే ఒక పుట కనబడునట్లు కట్టినయెడల, 0.999 ను నూరుమారులు గుణింపవలెను. వచ్చునది సుమారు 0.905. అనగా వేయిమందిలో 95 మందికి పుట కనబడదు. మంచి భాగములనే చేర్చి చెడ్డ సమస్తమును కట్టుట సాధ్యమని ఈ లెక్క బోధించుచున్నది.

దీనికి విరుగుడులు కలవు. ఇంటిలో విద్యుత్తు ఎక్కువైనప్పుడు ఫ్యూజుతీగ తెగి ఇంటిని కాపాడునట్లు, ఒక సేవ మాటిమాటికి తప్పినయెడల దానిని కొంతసేపు అడుగుటయే మానుకొను ఏర్పాటును మైకేల్ నైగార్డు 2007 లో తన గ్రంథమున వివరించెను. మఱియు, ఏ సేవ లేకున్నను అమ్మకము సాగునో, ఏది లేనియెడల ఆగవలెనో ముందే నిర్ణయించుకొందురు. "ఇది కొన్నవారు అదికూడ కొనిరి" అని చూపు భాగము మూగబోయినయెడల ఆ చోటు ఖాళీగా విడిచి మిగిలిన పుటను చూపుదురు. ధర చెప్పు సేవ మూగబోయినయెడల మాత్రము ఊహించి ధర చెప్పరాదు.

అన్నిటికంటె బరువైనది సొమ్ము. మొదట చెప్పిన ఒకే ముడి ఇప్పుడు లేదు. ఆర్డరొక సేవ, సొమ్మొక సేవ, నిలువొక సేవ. ఒక తల్లి తన కూలిడబ్బులోనుండి 600 రూపాయలు కట్టి బిడ్డకు నిఘంటువు ఆర్డరు చేసినదనుకొనుడు. సొమ్ము సేవ డబ్బు తీసికొన్నది. నిలువ సేవ పుస్తకము లేదన్నది. ఏమి చేయవలెను? హెక్టర్ గార్సియా-మోలినా, కెన్నెత్ సేలెం అనువారు 1987 లో ఇట్టి వాటికి సాగా అను పద్ధతిని తెలిపిరి. పెద్ద కార్యమును వరుసగా నడచు చిన్న కార్యములుగా చేసి, ప్రతి చిన్న కార్యమునకు దానిని సరిదిద్దు ప్రతికార్యమును ముందే వ్రాసియుంచవలెను. డబ్బు తీసికొనుటకు ప్రతికార్యము డబ్బు తిరిగి యిచ్చుట. నడుమ ఏది తప్పినను వెనుకకు నడచుచు ఒక్కొక్కదానిని సరిదిద్దుకొని రావలెను.

మఱియొక అపాయము కలదు. డబ్బు తీసికొమ్మన్న ఉత్తరము చేరినది. జవాబు దారిలో పోయినది. పంపినవాడు చేరలేదని తలంచి మరల పంపును. అప్పుడు 600 కు మాఱుగా 1,200 పోవును. కావున ప్రతి ఉత్తరముమీద మారని సంఖ్యయొకటి వేయుదురు. అదే సంఖ్యతో రెండవ ఉత్తరము వచ్చినయెడల సొమ్ము సేవ మరల డబ్బు తీయక, మొదటి జవాబునే తిరిగి చెప్పును. మనియార్డరు రసీదు సంఖ్యను ఎఱిగిన పెద్దలకు దీని ప్రయోజనము వెంటనే తెలియును. ఆ చిన్న సంఖ్యను వేయుట మఱచిన ప్రోగ్రామువానికి అది ఒక వరుస లోపము. ఆ తల్లికి వారము తిండి.

అమెజాను వారు 2007 లో డైనమో అను తమ సమాచారశాలనుగూర్చి ఒక పత్రము ప్రకటించిరి. దానిలో కొనువాని బుట్టనుగూర్చి చేసిన నిర్ణయము గమనింపదగినది. యంత్రములు కొన్ని పాడైనను, దారి తెగినను, బుట్టలో వస్తువు వేయుటను ఎన్నడును కాదనరాదు. ఒకే బుట్టకు రెండు తేడాగల నకళ్లు కనబడినయెడల రెంటిని కలిపివేయుదురు. అందువలన తీసివేసిన వస్తువు ఒక్కొకప్పుడు మరల కనబడవచ్చును. గాని వేసిన వస్తువు పోదు. రెండు లోపములలో ఏది కొనువానికి తక్కువ కష్టమో ఎంచుకొని, దానిని తెలిసియే అంగీకరించిరి. అన్నియు ఒకేసారి దొరకవు. ఏది పోగొట్టరాదో ముందే నిశ్చయించుకొనుటయే వివేకము.

7. ఈ పద్ధతి అందఱికిని తగునా?

పెద్ద అంగడి చేసెనని చిన్న అంగడియు చేయబూనుట తెలివి కాదు. మైక్రోసర్వీసులకు పేరు తెచ్చిన ఫౌలరే 2015 లో, క్రొత్త పనిని ఏకశిలగానే మొదలుపెట్టుట మేలని వ్రాసెను. ఏలయనగా వ్యాపారము నడచినగాని దాని సహజమైన హద్దులెక్కడనో తెలియవు. తెలియకముందు కోసినయెడల ఎముకమీద కోయుదుము. తెలిసినపిమ్మట కోసినయెడల కీలుమీద కోయుదుము.

కెనడాదేశపు షాపిఫై సంస్థ లక్షలకొలది వర్తకులకు అంగడి నడుపుటకు సాధనమిచ్చుచున్నది. అది తన పెద్ద ప్రోగ్రామును వేయిముక్కలు చేయక, ఒకే యింటిలో గట్టి గోడలు కట్టి గదులుగా విభజించుకొన్నట్లు 2019 లో తెలియజేసెను. 2023 లో అమెజాను వారి వీడియో విభాగములోని ఒక జట్టు, చిత్రముల నాణ్యతను కనిపెట్టు తన యంత్రాంగమును విడిభాగములనుండి తిరిగి ఒకే ప్రోగ్రాముగా చేర్చుకొనగా, ఖర్చు నూటికి 90 వంతులకు మించి తగ్గినదని ప్రకటించెను. విభజించుటకు పేరుపడిన సంస్థలోనే ఇట్లు జరిగినది. కావున విభజన పుణ్యమును కాదు, ఏకశిల పాపమును కాదు.

విడదీయబూనువారు ముందుగా మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఒకరి పనికొఱకు ఒకరు కాచుకొనవలసినంతమంది పనివారున్నారా? ఒక భాగమునకు మాత్రము మిగిలినవాటికంటె మిక్కిలి యెక్కువ బరువు పడుచున్నదా? చెడిన భాగమేదో రాత్రివేళ కనిపెట్టి బాగుచేయగల జట్లు సిద్ధముగా నున్నవా? మూడింటికి జవాబు లేదనియైనయెడల, ఏకశిలలోపలనే గోడలు చక్కగా కట్టుకొనుట చాలును.

8. మనము నేర్చుకొనదగినది

అమెజాను సంస్థ అమెరికాకు వెలుపల తన స్వంతముగా కట్టుకొన్న మొదటి గొప్ప కార్యాలయము హైదరాబాదులో 2019 లో తెఱవబడినది. సియాటిల్‌లో మొదలైన ఈ పని ఇప్పుడు మన భాష మాటాడువారి చేతులలోనికిని వచ్చినది. మన విద్యార్థులలో ఆ త్రోవను పోదలచినవారు, యంత్రములను తాకకముందే నేర్చుకొనదగినవి మూడు గలవు. మొదటిది గణితము, పైని రెండు లెక్కలే దానికి సాక్ష్యము. రెండవది స్పష్టముగా వ్రాయుట. ఒక సేవకు మఱియొక సేవకు నడుమనున్నది ఒక ఒడంబడికయే. ఏమి అడుగవచ్చునో, ఏమి జవాబిత్తురో తేటగా వ్రాయలేనివాడు మంచి హద్దు గీయలేడు. మూడవది కొంచెములో నమ్మకముగా నుండుట.

అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయములో శరీరమును, అవయవములనుగూర్చి బోధించెను. కన్ను చేతిపని చేయదు. చేయి కంటిపని చేయదు. అయినను ఒక అవయవము బాధపడినయెడల తక్కినవన్నియు బాధపడును. విడదీయుటలో రహస్యమంతయు అచ్చటనే యున్నది. వేఱుపడుటకొఱకు వేఱుపడుట కాదు. ఒక్కొక్కటి తన పని తాను సరిగా చేసి సమస్తమునకు తోడ్పడుటకొఱకు వేఱుపడుట. తన హద్దు తెలిసి, ఇచ్చిన మాట తప్పక, తప్పినప్పుడు వెంటనే చెప్పి సరిదిద్దు భాగములున్నచోట నూరు సేవలును ఒక్క అంగడియగును. అవి లేనిచోట ఏకశిలయైనను బీటలు వాఱును.

అభ్యాసప్రశ్నలు

1. 60 మంది పనివారిని ఆరేసిమంది జట్లుగా విభజించినయెడల మాటాడుకొను జతలు ఎన్నినుండి ఎన్నికి తగ్గును?

2. ఒక పుటకు 10 సేవలు కావలెను; ఒక్కొక్కటి నూటికి 99 మారులు జవాబిచ్చును. పుట సరిగా కనబడు పాలెంత?

3. మన పాఠశాల కార్యాలయమున హాజరుపట్టిక, జీతముల పుస్తకము, పుస్తకశాల లెక్క అను మూటిలో దేనిని మొదట వేఱు గుమాస్తాకు అప్పగింపవచ్చును? దేనిని కడపట అప్పగింపవలెను? కారణములు వ్రాయుడు.

4. డబ్బు తీసికొనుటకు ప్రతికార్యము డబ్బు తిరిగి యిచ్చుట. సరకును బండికెక్కించుటకును, కొనువానికి "మీ సరకు బయలుదేరినది" అని ఉత్తరము వ్రాయుటకును ప్రతికార్యములెవ్వి? పూర్తిగా వెనుకకు తీసికొనజాలని పని వీటిలో ఏది?